షెల్టర్ కుక్కను తెచ్చుకున్నాక అసలేం జరుగుతుంది: చుక్కితో మా ఆరు నెలలు

చుక్కి మా ఇంటికి వచ్చి ఆరు నెలలు దాటింది. వచ్చిన కొత్తలో మూడు వారాలపాటు ఒక్కసారి కూడా మొరగలేదు. చెప్పు కొరకలేదు, సోఫా ఎక్కలేదు, ఎవరి మీదికీ ఎగబడలేదు. "ఎంత బుద్ధిగా ఉందో! మీ అదృష్టం" అని అందరూ అన్నారు. ఆ బుద్ధంతా భయమే. బాగా భయపడ్డ కుక్క కదలదు, అరవదు, ఏదీ అడగదు. అది అల్లరి మొదలుపెట్టిన దగ్గర్నుంచే మా ఇంట్లో కుదురుకోవడం మొదలైంది. షెల్టర్ నుంచి కుక్కని తెచ్చుకున్నవాళ్లకీ, తెచ్చుకోవాలనుకుంటున్నవాళ్లకీ పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దిక్కులేని కుక్కల్ని చేరదీసి దత్తతకిచ్చే షెల్టర్‌లో జనవరిలో అర్జీ పెట్టాం. ఫారం నింపడం ఒక పూట పని, ఆ తర్వాతంతా ఎదురుచూపే. ముందు ఫోన్‌లో ప్రశ్నలు అడిగారు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పగలు ఎవరుంటారు, ఊరెళితే ఎవరు చూస్తారు, అద్దె ఇల్లైతే ఓనర్ ఒప్పుకున్నారా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా. కొన్నాళ్లకి ఒకామె ఇల్లు చూడడానికి వచ్చారు. గేటు ఊచల మధ్య ఖాళీలోంచి కుక్క తల దూరుతుందేమోనని తన పిడికిలి పెట్టి చూశారు. బాల్కనీ గోడ ఎత్తు చూశారు. నెల పైనే పట్టింది ఇదంతా. విసుగేసిన మాట నిజమే గానీ, ఒకసారి ఇంటికెళ్లి వెనక్కి వచ్చిన కుక్కల సంగతి ఆమె చెప్పాక, వాళ్లు ఇంత గుచ్చి గుచ్చి అడగడం న్యాయమే అనిపించింది.

ఫిబ్రవరి చివర్లో చుక్కిని చూశాం. రెండేళ్ల వయసు ఉండొచ్చన్నారు. ఇటుక రంగు ఒళ్లు, నుదుట తెల్లటి చుక్క. మిగతా కుక్కలన్నీ జాలీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాయి, ఇది మాత్రం వెనక గోడకి ఆనుకుని నిలబడింది. మా అమ్మాయికి గెంతులేసే తెల్ల కుక్క నచ్చింది. అక్కడామె నెమ్మదిగా చెప్పారు, "కళ్లకి నచ్చిన కుక్కని కాదమ్మా, మీ ఇంటికి సరిపోయేదాన్ని చూసుకోండి. దానికి రోజూ గంటలకొద్దీ పరుగు కావాలి. ఇది నెమ్మది, కాకపోతే టైమ్ పడుతుంది." ఇంకోసారి వెళ్లి చుక్కి పక్కన ఊరికే కూర్చుని వచ్చాం. ఆ రెండోసారి అది నా చెప్పు వాసన చూసి వెళ్లిపోయింది. అంతే, చుక్కినే అనుకున్నాం.

అప్పగించే రోజు కాగితాలిచ్చారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది, రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బులకి కలిపి వేసే టీకా వేశారు, నట్టల మందు పట్టించారు, మెడ దగ్గర చర్మం కింద మైక్రోచిప్ ఉంది. చిప్ గురించి ఒక మాట చెప్పాలి. అది జీపీఎస్ కాదు, కుక్క ఎక్కడుందో చూపించదు. స్కానర్ పెడితే 15 అంకెల నంబరు వస్తుంది, అంతే. ఆ నంబరుకి మన ఫోన్ నంబరు జతచేయించుకోకపోతే దానివల్ల ఉపయోగం లేదు. మేం ఆ రోజే చేయించాం. మెడ బెల్టుకి ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల కూడా వేశాం, ఎందుకంటే దారినపోయేవాళ్ల దగ్గర స్కానర్ ఉండదు కదా. వాళ్లిచ్చినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం అది పడుకునే పాత గోనెపట్టా. "కంపు కొడుతున్నా ఉతకొద్దు, కొన్నాళ్లపాటు దానికి తెలిసిన వాసన అదొక్కటే" అన్నారు.

మార్చి మొదటి శనివారం తీసుకొచ్చాం. ఆ తర్వాతి వారమంతా నేను సెలవు పెట్టుకున్నాను. కారులో వాంతి చేసుకుంది. పాత తువ్వాళ్లు పరిచి ఉంచాం కాబట్టి ఫరవాలేదు. గేటు దగ్గర దించగానే పొట్ట నేలకి ఆనించి అతుక్కుపోయింది. లాగలేదు, ఎత్తుకోలేదు. నేనూ పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. చాలాసేపటికి లేచి, గోడ వెంబడే లోపలికి వచ్చి, వాషింగ్ మెషీన్‌కీ గోడకీ మధ్య ఉన్న సందులోకి దూరింది. దానికోసం హాల్లో పరుపు వేసి, మూల సర్ది పెట్టుకున్నాం. దానికి మాత్రం ఆ సందే నచ్చింది. గోనెపట్టా తెచ్చి అక్కడే పరిచాం.

ఆ రోజు ఏమీ తినలేదు. నీళ్లు ముట్టలేదు. అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఏమిటంటే, రాత్రి దాకా ఒంటికి కూడా వెళ్లలేదు. షెల్టర్‌కి ఫోన్ చేస్తే, కొత్త చోటుకి వచ్చిన మొదటి రోజు చాలా కుక్కలు అలా ఆపుకుంటాయని, మర్నాటికీ వెళ్లకపోతే డాక్టర్‌కి చూపించమని చెప్పారు. రాత్రి లైట్లన్నీ తీసేసి నేను హాల్లో చాప మీద పడుకున్నాను. ఎప్పుడో నడిరాత్రి గోళ్ల చప్పుడు వినిపించింది. గిన్నెలో నీళ్లు తాగుతున్న శబ్దం. కళ్లు మూసుకునే విన్నాను, కదిలితే మానేస్తుందేమోనని. తెల్లవారుజామున పెరట్లోకి తలుపు తీసి నేను పక్కకి జరిగాక, వెళ్లి పని కానిచ్చుకుని వచ్చింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

షెల్టర్‌వాళ్లు మాకు ఒక లెక్క చెప్పి పంపారు. మొదటి మూడు రోజులు బెదురు తగ్గడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలియడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లే అనిపించడానికి. ఆ అంకెలు పట్టుకుని క్యాలెండర్ చూసుకోవద్దని నా మాట. చుక్కికి మొదటి మూడు రోజుల పని మూడు వారాలు పట్టింది. కానీ వరస మాత్రం వాళ్లు చెప్పినట్టే నడిచింది.

ఆ తొలి రోజుల్లో మేం చేసిందల్లా తక్కువ చేయడమే. స్నానం చేయించలేదు. చుట్టాలనీ స్నేహితులనీ నెల తర్వాత రమ్మన్నాం. తిండి కూడా షెల్టర్‌లో పెట్టే రకమే పెట్టి, తర్వాత వారం పైగా కొంచెం కొంచెంగా కొత్తది కలుపుతూ మార్చాం. అయినా విరేచనాలు కాస్త పలచబడ్డాయి. అన్నిటికన్నా కష్టం మా అమ్మాయికి అయింది. ఐదో తరగతి పిల్ల, ఎన్నాళ్లనుంచో కుక్క కావాలని ఏడ్చిన పిల్ల, కుక్క ఇంట్లోనే ఉంది కానీ ముట్టుకోవడానికి లేదు. "అదే నీ దగ్గరికొచ్చేదాకా ఆగు తల్లీ" అని రోజూ చెప్పాల్సి వచ్చింది. పిల్లకి ఒక పని అప్పజెప్పాం. చుక్కి మొహం చూసి నోట్‌బుక్‌లో రాయడం. నిద్ర రాకపోయినా ఆవలించడం, ఎదురుగా తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, తల తిప్పేసుకుని కంటి కొసలో తెల్లగుడ్డు కనపడేలా చూడడం, ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది, దూరంగా ఉండు" అని కుక్క చెప్పడమే. పిల్ల నాకన్నా ముందు పసిగట్టడం మొదలుపెట్టింది. "అమ్మా, మూతి నాక్కుంటోంది, నాన్నని వెనక్కి జరగమను" అనేది.

చుక్కి మొదట దగ్గరికి వెళ్లింది మా అత్తయ్య దగ్గరికి. ఆవిడకి కుక్కలంటే ప్రత్యేకించి ప్రేమా లేదు, భయమూ లేదు. రోజూ పొద్దున్న అదే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతారు, కుక్క వైపు చూడరు, పిలవరు. వారం తిరక్కముందే ఒక పొద్దున అది సందులోంచి బయటికొచ్చి, మెడ బాగా సాచి, వెనక కాళ్లు మాత్రం పారిపోవడానికి సిద్ధంగా వెనకే ఉంచి, ఆవిడ కాలి బొటనవేలు వాసన చూసింది. అత్తయ్య పేజీ తిప్పారు. అది ఉలిక్కిపడి వెళ్లిపోయి, కాసేపటికి మళ్లీ వచ్చింది. "ఏం చేశారత్తయ్యా?" అంటే "నేనేం చేశానమ్మా, ఊరికే కూర్చున్నాను" అన్నారు. ఆ తర్వాత మేమందరం అదే చేశాం. నేల మీద, దానికి పక్కవాటుగా కూర్చుని, ఫోను చూసుకుంటూనో పుస్తకం చదువుకుంటూనో, అప్పుడప్పుడు చూడకుండానే ఒక ఉడికించిన చికెన్ ముక్క దాని వైపు విసరడం.

రెండో వారంలో డాక్టర్‌కి చూపించాం. మామూలు చెకప్ అనుకునే వెళ్లాం. కాలి వేళ్ల సందుల్లోనూ చెవుల లోపలి మడతల్లోనూ పిడుదులు బయటపడ్డాయి. జ్వరం 104 ఉంది. కుక్కకి మామూలుగానే 101 నుంచి 102.5 దాకా ఉంటుంది, కాబట్టి మన లెక్కలో చూసి కంగారుపడకూడదు, కానీ 104 అంటే జ్వరమే. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూపించారు, పాలిపోయి ఉన్నాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయని తేలింది. పిడుదులు కుట్టడం వల్ల వచ్చే ఎర్లీకియా అనే బాక్టీరియా జబ్బు అన్నారు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు వాడాలి, రెండు రోజులకే హుషారుగా కనిపించినా మధ్యలో ఆపకూడదు. ఖాళీ కడుపున ఇస్తే వాంతి చేసుకుంటుంది, తిండి తిన్నాకే వేయాలి. దానితోపాటు పిడుదులు పట్టకుండా నెలనెలా మందు.

ఇది నన్ను బాగా కదిలించింది. దాని నెమ్మదితనంలో భయం ఎంతో, నీరసం ఎంతో మాకెవరికీ తెలియలేదు. నొప్పి ఉందని చెప్పుకోలేని ప్రాణి, కొత్త చోట, కొత్త మనుషుల మధ్య. అందుకే కుక్కని తెచ్చుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది, పైకి బాగానే కనిపించినా, టీకాల కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, మొదటి రెండు వారాల్లో రక్తపరీక్ష చేయించండి. ఖర్చు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. దత్తతకి కట్టిన రుసుము చాలా తక్కువ, మొత్తం ఖర్చులో అది లెక్కలోకే రాదు. రక్తపరీక్షలు, మళ్లీ పరీక్షలు, మందులు, వీటికే సగానికి పైగా పోయింది. తర్వాత ట్రైనర్ ఫీజు. తాడు తగిలించడానికి ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ రెండుసార్లు కొనాల్సి వచ్చింది. వచ్చినప్పుడు ఎముకలు కనిపించేలా ఉన్న కుక్క ఒళ్లు చేశాక మొదటిది బిగుతైపోయింది. పెద్ద పరుపూ, రంగురంగుల బొమ్మలూ మాత్రం ముందే కొనక్కర్లేదు, దానికేం ఇష్టమో తెలిశాక కొనొచ్చు.

ఇంట్లో మూత్రం పోయడం గురించి చాలామంది అడుగుతారు. చుక్కి పెద్ద కుక్కే అయినా ఇంట్లో ఎప్పుడూ పెరగలేదు, దానికి హాలూ పెరడూ ఒకటే. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడాక, పడుకోబోయే ముందు బయటికి తీసుకెళ్లేవాళ్లం. పని అవుతుండగా ఒకటే మాట, అయిన వెంటనే అక్కడే ముక్క. ఇంట్లోకి వచ్చాక ఇస్తే దేనికిచ్చామో దానికి తెలియదు. లోపల పోస్తే కేకలేయలేదు. తిడితే అది నేర్చుకునేది మన ఎదురుగా పోయకూడదని మాత్రమే, తర్వాత సోఫా వెనకాల పోస్తుంది. మామూలు ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకి వాసన పోతుంది గానీ దాని ముక్కుకి పోదు, మళ్లీ అక్కడికే వస్తుంది. ఎంజైమ్ క్లీనర్ అని దొరుకుతుంది, అది వాడాక ఆ మూల మానేసింది. నెలన్నరకి ఈ గొడవ దాదాపు తీరిపోయింది. అన్నిటిలోకీ ఇదే తేలిక.

మందులు పడ్డాక, మార్చి చివరికి, అసలు చుక్కి బయటికి రావడం మొదలైంది. ఒక సాయంత్రం కాలింగ్ బెల్ మోగితే మొరిగింది. దాని గొంతు మేం వినడం అదే మొదలు. లోతైన, పెద్ద గొంతు. మొరిగి అదే బెదిరిపోయి మా వంక చూసింది. ఆ వారంలోనే టీవీ రిమోట్ నమిలేసింది, మా ఆయన చెప్పు ఒకటి పెరట్లో పూడ్చింది. ఇక మా అమ్మాయి సాక్స్ ఒకటి తీసుకుని బల్ల కింద కూర్చుంది. పిల్ల దానికోసం వంగగానే ఒళ్లంతా బిగించి, సాక్స్ మీదికి తల వాల్చి, గుర్రుమంది. అందరం బిగుసుకుపోయాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో పిల్ల ఉంది.

మర్నాడే షెల్టర్‌వాళ్లు చెప్పిన ట్రైనర్‌కి ఫోన్ చేశాం. కొట్టడం, గొలుసు బిగించడం లేకుండా నేర్పే మనిషి కావాలని ముందే అడిగాం. ఆయన ఇంటికొచ్చి మొదట చెప్పిన మాట, "గుర్రుమన్నందుకు తిట్టకండి. అది మంచి కుక్క చేసే పని. కరవకుండా ముందు నోటితో చెప్పింది. ఆ చెప్పడాన్ని మాన్పిస్తే రేపు చెప్పకుండా కరుస్తుంది." దాని నోట్లోంచి ఏదీ లాక్కోకూడదు. అంతకన్నా మంచిది చూపించి మార్చుకోవాలి. కాస్త దూరంలో చికెన్ ముక్కలు చల్లాలి, అది లేచి అటు వెళ్లాక వస్తువు తీసుకోవాలి. వీలైతే తీసుకున్న వస్తువునే మళ్లీ ఇచ్చేయాలి, అప్పుడు మనిషి దగ్గరికి వస్తే పోయేదేమీ లేదని దానికి నమ్మకం కుదురుతుంది. పిల్లలు ఈ పని అస్సలు చేయకూడదు, పెద్దవాళ్లే చేయాలి. అది తింటున్నప్పుడూ పడుకున్నప్పుడూ పిల్ల దగ్గరికి వెళ్లకూడదు. సాక్స్ నేల మీద వదలకూడదు. ఈ ఆఖరిది మా ఇంట్లో కుక్క కన్నా మనుషులకి నేర్పడానికే ఎక్కువ కాలం పట్టింది. ఇప్పుడు "ఇచ్చెయ్" అంటే నోట్లోది కింద పెట్టి తోక ఊపుతూ నిలబడుతుంది.

నేర్పడం అనేది అసలు మొదలైంది అప్పుడే. గంట వినగానే కుక్కకి నోరూరే పావ్లోవ్ సంగతి మనం స్కూల్లో చదువుకున్నదే. ట్రైనర్ మాతో చేయించిందీ అలాంటిదే. "యస్" అనడం, వెంటనే ముక్క ఇవ్వడం. అదేమీ చేయక్కర్లేదు, ఊరికే "యస్", ముక్క. కొద్ది రోజుల్లోనే ఆ మాట వినగానే చెవులు నిక్కబొడుచుకునేది. ఇక ఆ మాటతో అది సరిగ్గా చేసిన క్షణాన్ని గుర్తుపెట్టొచ్చు, ముక్క చేతికి తీసుకునేలోపు ఆలస్యమైనా ఫరవాలేదు. మొదట నేర్పింది కూర్చోవడం కాదు, పేరు పిలిస్తే మొహం తిప్పి చూడడం, అరచెయ్యి చాపితే ముక్కుతో తాకడం. భయస్తురాలైన కుక్కకి ఈ చెయ్యి తాకడం చాలా మంచి పాఠం, ఎందుకంటే మనిషి దాని మీదికి వెళ్లడు, అదే మనిషి దగ్గరికి వస్తుంది. రెండు మూడు నిమిషాలు చాలు, రోజుకి కొన్నిసార్లు. విసుగు రాకముందే ఆపేయాలి. ఇంట్లో ఒకరు "కూర్చో", ఒకరు "సిట్", ఇంకొకరు "కూచోవే" అంటుంటే దానికి తికమకగా ఉండేది, ఫ్రిజ్ మీద కాగితం అంటించి అందరం ఒకే మాటకి వచ్చాం.

వాకింగ్ విషయంలో ఒక జాగ్రత్త మా ప్రాణం నిలబెట్టింది. కొత్తగా వచ్చిన కుక్కలు బెదిరి పారిపోవడం చాలా మామూలని షెల్టర్‌వాళ్లు చెప్పి, రెండు తాళ్లు వాడమన్నారు. ఒకటి మెడ బెల్టుకి, ఒకటి హార్నెస్‌కి. ఏప్రిల్ మొదట్లో వీధి మలుపులో ఒక బైకు సైలెన్సర్ టప్‌మని పేలినట్టు మోగింది. చుక్కి ముందుకి పరిగెత్తలేదు, తల దించి వెనక్కి వెనక్కి లాగింది. క్షణంలో బెల్టు చెవుల మీదుగా జారి నా చేతిలో ఖాళీగా వేలాడింది. రెండో తాడు ఆపింది. నేను రోడ్డు పక్కనే కూర్చుండిపోయి, అది వణకడం ఆగేదాకా లేవలేదు. ఆ తర్వాత రెండు రోజులు బయటికి తీసుకెళ్లకుండా పెరట్లోనే ఉంచాం. ఒక పెద్ద బెదురు తగిలాక దాని ఒళ్లు స్థిమితపడడానికి రోజులు పడుతుంది, ఈలోపు చిన్న చప్పుడు కూడా పెద్దదైపోతుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు దూరం నడిపించాలనే ఆలోచన వదిలేశాం. నాలుగిళ్ల అవతలి దాకా వెళ్లి, అది వాసన చూసినంతసేపు నిలబడి, వెనక్కి వచ్చేవాళ్లం. అలా వాసన చూసి వచ్చిన రోజు, గంట నడిచినదానికన్నా హాయిగా పడుకునేది.

ఒంటరిగా ఉండడం నేర్పడానికి మాత్రం అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది, నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది కూడా ఇదే. ఏప్రిల్ నెల మధ్యలో అత్తయ్య మా ఆడపడుచు ఇంటికి వెళ్లారు. నేను ఆఫీసుకి, మా ఆయన ఆఫీసుకి, పిల్ల స్కూలుకి. మొదటి రోజే పక్కింటివాళ్లు ఫోన్ చేశారు, కుక్క ఆపకుండా ఏడుస్తోందని. పాత ఫోన్‌ని కెమెరాగా పెట్టి చూశాం. తలుపు వేయగానే గది ఆ చివర నుంచి ఈ చివరికి తిరగడం, తలుపు గీకడం, నోటి నుంచి చొంగ కారడం, తర్వాత మెడ పైకెత్తి పొడుగ్గా ఏడవడం. పెట్టి వెళ్లిన ముక్క ముట్టలేదు. ఆ వీడియో మా ఆయన మధ్యలోనే ఆపేశారు.

ఆ రాత్రి నేను అన్నాను, "పంపించేద్దామా? మన దగ్గర ఇది సుఖపడడం లేదేమో." వచ్చిన దగ్గర్నుంచీ నిద్ర లేదు, ఇల్లంతా దాని చుట్టూ తిరుగుతోంది, ఎక్కడికీ వెళ్లలేం, మనం ఇది మోయగలమా అని లోపల ఒక బరువు. చాలామందికి ఇలా అనిపిస్తుందట, ఎవరూ పైకి చెప్పరు. మా ఆయన వెంటనే కాదనలేదు. కాసేపాగి, "ఈ నెల చూద్దాం. ఇప్పుడు పంపిస్తే దానికి మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు. అందుకని కొంతకాలం ఒకరు మార్చి ఒకరం ఇంటి నుంచి పనిచేశాం, వీల్లేని రోజు మా చెల్లెలు వచ్చి కూర్చుంది. నేర్చుకునే కాలంలో కుక్కని అది తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువసేపు ఒంటరిగా వదలకూడదన్నది ట్రైనర్ పెట్టిన ఒకే ఒక షరతు.

పాఠం చెప్పుకుంటే చాలా చిన్నది. తాళంచెవులు తీసుకుని గలగలలాడించి మళ్లీ సోఫాలో కూర్చోవడం. చెప్పులు వేసుకుని వంటింట్లోకి వెళ్లడం. ఈ చప్పుళ్లకి అర్థం లేదని తెలిసేదాకా రోజూ అదే. తర్వాత తలుపు తీసి వేయడం. తర్వాత బయట అడుగుపెట్టి అది కంగారుపడేలోపే లోపలికి రావడం. సెకన్లలో మొదలుపెట్టి నిమిషాల దాకా. కెమెరాలో చూస్తూ, ఒళ్లు బిగిసినట్టు కనిపిస్తే మర్నాడు తగ్గించడం. ఎక్కువ గోల వెళ్లిన మొదటి అరగంటలోనే ఉంటుందని ట్రైనర్ చెప్పారు, మా వీడియోల్లోనూ అలాగే కనిపించింది. ఆ అరగంట దాటించడానికే మే నెలంతా పట్టింది. అది దాటాక మాత్రం గంట, రెండు గంటలు చప్పున వచ్చేశాయి. ఏడవకుండా, తిరిగి తిరిగి, చివరికి గోనెపట్టా మీద చుట్టుకుని పడుకోవడం కెమెరాలో చూసినప్పుడు నేను ఆఫీసులో అందరి ముందే కళ్లు తుడుచుకున్నాను.

జూన్ నెల నుంచి రోజులు తేలికపడ్డాయి, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక పక్కకి పడి, కాళ్లు సాచి, పొట్ట కనిపించేలా నిద్రపోవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎప్పుడూ ముడుచుకునే పడుకునేది. ముందు కాళ్లు వంచి వెనక భాగం పైకెత్తి, ఆడుకుందాం రమ్మని మా అమ్మాయిని పిలిచింది. పిల్ల ఇన్నాళ్లూ పెట్టుకున్న ఓపికకి దక్కిన ఫలం అది. ఇప్పుడు అది చదువుకుంటుంటే చుక్కి వచ్చి మోకాలి మీద గడ్డం పెడుతుంది. ఇప్పటికీ పిల్ల ఛాతీ మీద కొద్దిసేపు నిమిరి ఆపుతుంది, చుక్కి ముక్కుతో చెయ్యి పొడిస్తేనే మళ్లీ నిమురుతుంది. తల మీద నుంచి చెయ్యి రావడం దానికి ఇప్పటికీ ఇష్టం లేదు.

పూర్తయిపోయిందని చెప్పను. ఉరుములొస్తే ఇప్పటికీ వాషింగ్ మెషీన్ సందులోకే వెళుతుంది, మేం పిలవం. కొత్త మగవాళ్లు, ముఖ్యంగా టోపీ పెట్టుకున్నవాళ్లు వస్తే మొరుగుతుంది. వాళ్లని దాని వంక చూడకుండా కూర్చోమని, ముక్కలు దూరంగా విసరమని చెబుతాం. తాడు విప్పి బయట వదలడం లేదు, ఎప్పటికైనా వదులుతామని కూడా అనుకోవడం లేదు. పొడవాటి తాడు కట్టి ఖాళీ మైదానంలో "రా" అని పిలవడం సాధన చేస్తున్నాం. ఎదురుగా పిల్లి లేకపోతే వస్తుంది, ఉంటే రాదు.

ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాయి. వచ్చే నెల టీకాల బూస్టర్ ఉంది. పోయినసారి డాక్టర్ టేబుల్ మీదికి ఎక్కించడానికి ముగ్గురు పట్టుకోవాల్సి వచ్చింది. మళ్లీ అలా జరగకూడదని ఇంట్లో ఒక తక్కువ ఎత్తు బల్ల వేసి, దాని మీద రబ్బరు చాప పరిచి, ఎక్కడం నేర్పుతున్నాం. చెవులు చూడనివ్వడం, పెదవి ఎత్తనివ్వడం కూడా అక్కడే. ప్రస్తుతానికి ముందు కాళ్లు రెండూ పెడుతోంది.